నాలుగో కీలు

మా నాన్నకు మేమిద్దరం పిల్లలం. ఆ వేసవి నాటికి మాత్రం ఆయన లెక్కలో నేనొక్కదాన్నే. అన్నయ్య ఎక్కడికో పోలేదు. మా ఇంటికి రెండు వీధుల అవతల, మేడ మీద రెండు గదుల్లో వదినతో కాపురం ఉంటున్నాడు. అయినా మా ఇంట్లో వాడి ఊసెత్తితే చాలు, నాన్న కంచం ముందు నుంచి లేచి వెళ్లిపోయేవాడు. ఆకలి వేస్తే మళ్లీ ఆయనే వచ్చి కూర్చునేవాడనుకోండి, అది వేరే సంగతి.

కారణం మా మెకానిక్ షెడ్డు మూల టార్పాలిన్ కింద పడి ఉంది. నాకంటే పదేళ్లు పెద్దదైన పాత కారు. నాన్న ఆదివారాలన్నీ దాని కిందే గడుస్తాయని అమ్మ దాన్ని ‘నా సవతి’ అనేది. అంటూనే ముందు సీటులో దర్జాగా కూర్చునేది. అంతకు ఏడాది ముందు ఒక మధ్యాహ్నం, అన్నయ్య అమ్మను ఆ కారులోనే కళ్ల డాక్టరుకు చూపించి తిరిగి వస్తూ, పల్లం దిగే మలుపులో కల్వర్టు గోడకు గుద్దేశాడు. మనుషులు చేరేసరికే అమ్మ పోయింది. అన్నయ్యకు నుదుటి మీద నాలుగు కుట్లు పడ్డాయి, అంతే.

“తిప్పాను నాన్నా. చక్రం తిరగలేదు” అన్నాడు వాడు మొదటి రోజు. రెండో రోజూ అదే మాట.

నాన్న ఒప్పుకోలేదు. “అది నా చేత్తో కట్టిన బండి. తిరగకపోవడమేంటి? భోంచేసి బయల్దేరావు. మంచి ఎండ. కునుకు పట్టింది. పట్టిందని చెప్పు.” చెప్పు, చెప్పు అని ఆయన నిలదీస్తూనే ఉన్నాడు. ఆసుపత్రి మంచం దగ్గర, పోలీసాయన ముందు, చుట్టాల ముందు. మూడో రోజు అన్నయ్య తల వంచుకుని, “పట్టిందేమో నాన్నా” అన్నాడు. పోలీసాయన అదే రాసుకున్నాడు. నాన్న, “ఇక నా కళ్లకు కనపడకు” అన్నాడు.

నేనూ నమ్మాను. ఆ మాట ఇక్కడే చెప్పేయాలి. అన్నయ్య చిన్నప్పటి నుంచి నిద్రమొహమే, సినిమా హాల్లో కూడా గురక పెట్టే రకం. పైగా ఆ షెడ్డులో నాన్న తర్వాత మేస్త్రీని నేనే. మా చేతి పనిలో లోపం ఉంటుందన్న ఆలోచన కలలో కూడా రాలేదు నాకు.

ఆ వేసవి మొదట్లో ఒక పొద్దున్న నేను షెడ్డుకు వెళ్లేసరికి టార్పాలిన్ నేల మీద ఉంది. నాన్న కారు చుట్టూ తిరుగుతున్నాడు.

“మీ అమ్మ కూర్చున్న బండి ఇలా తుప్పు పట్టి పోతుంటే చూడలేకపోతున్నా అమ్మడూ. రోడ్డెక్కిద్దాం” అన్నాడు.

అమ్మ పోయాక ఆ కారు తలుపు మీద నేను చెయ్యి వేయలేదు. కానీ ఏడాది తర్వాత ఆయన నోటి నుంచి ‘మీ అమ్మ’ అన్న మాట వచ్చింది. అలాగే అన్నాను.

సొట్టలు తీయడం పక్క షెడ్డు రేకులాయన పని. నాన్న ఈడువాడే, నోరు మాత్రం నాన్నకు పదింతలు. నెల రోజులు సుత్తి మోగించి ముందు భాగాన్ని ఒక రూపుకు తెచ్చాడు. మేం ఇంజను, బ్రేకులు చూసుకున్నాం. చివరికి స్టీరింగు మిగిలింది. చక్రాలను తిప్పే కడ్డీలు గుద్దుకున్నప్పుడు వంగిపోయాయి. వాటిని ఊడదీయాలంటే నాలుగు కీళ్లు విడగొట్టాలి.

ఈ కీళ్ల సంగతి కాస్త చెప్పాలి. ఒక్కో కీలు అడుగున, మొదలు లావుగా చివర సన్నగా ఉండే ఉక్కు మేకు ఉంటుంది. దాన్ని చక్రం పక్కనున్న ఇనుప చేతి కంతలోకి దించి, కింద నుంచి నట్టు వేసి లాగి బిగిస్తే మేకు కంతలో ఇరుక్కుపోతుంది. నట్టు తీసేసినా మేకు రాదు. అలా రాకుండా ఉండడమే దాని గొప్ప. ఏళ్లు గడిచి తుప్పు కూడా తోడైతే ఇక దేవుడే దిగి రావాలి.

ఈ పనిలో నాన్నకు రెండు నియమాలున్నాయి. విడగొట్టేటప్పుడు నట్టు పూర్తిగా తీయకూడదు, చివర రెండు చుట్లు ఉంచాలి. లేకపోతే కీలు విడిపోయిన విసురుకు కడ్డీ వచ్చి మొహం పగలగొడుతుంది. ఇక బిగించేటప్పుడు, నట్టు బిగించేది ఒకరు, అది వదులు కాకుండా దాని అంచు గాళ్లలోంచి, మేకు చివరి సన్న బెజ్జంలోంచి అడ్డంగా రెండు కాళ్ల పిన్ను దూర్చి కాళ్లు వంచేది ఇంకొకరు. బిగించిన చెయ్యి పిన్ను ముట్టుకోకూడదు. “రెండో జత కళ్లు పడాలి” అనేవాడు నాన్న. వేరే షెడ్ల వాళ్లు నవ్వినా ఆయన వినలేదు. అలా నాకు పదహారేళ్లు వచ్చినప్పటి నుంచీ ఆయనది పానా, నాది పిన్ను. మా షెడ్డులో పిన్ను పడిందంటే ఆ నట్టు జోలికి ఇక ఎవరూ వెళ్లరు.

మొదటి కీలు మాకు మూడు చెరువుల నీళ్లు తాగించింది. తుప్పు నూనె పోసి రాత్రంతా నాననిచ్చాం. కీళ్లు లాగే పుల్లర్ పెట్టి బిగించాం, దాని బోల్టే వంగింది. నేను కంత వెనక పెద్ద సుత్తి ఆనించి పట్టుకుంటే, నాన్న ఎదురుగా చిన్న సుత్తితో మోదాడు. నా మోచేతుల దాకా జివ్వుమంది తప్ప కీలు కదల్లేదు.

రేకులాయన గుమ్మంలో నిలబడి టీ తాగుతూ చూస్తున్నాడు. “మేస్త్రీ గారూ, మీ వంశంలోదేనా ఆ కీలు? చెప్తే వినేలా లేదు.”

“నువ్వు టీ తాగి వెళ్లు” అన్నాడు నాన్న.

“బతిమాలి చూడండి. కొట్టడం ఒక్కటే తెలిస్తే ఎలా?”

నాన్న మండిపడి బలమంతా పెట్టి ఒక్కటిచ్చాడు. ‘టప్’ అంది. కడ్డీ పైకి లేచి, మేం ఉంచిన రెండు చుట్ల నట్టు దగ్గర ఆగింది. నాన్న నవ్వాడు. అమ్మ పోయాక ఆయన పళ్లు నేను చూడడం అదే మొదలు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. కంట్లో తుప్పు పడిందని చెప్పి మొహం తిప్పుకున్నాను.

రెండోదీ, మూడోదీ కూడా అంతే మొండికేశాయి. ఒక్కోదానికి రెండు మూడు రోజులు. నాన్న భుజం పట్టేసింది. మూడోదాన్ని నేనే కొట్టి విడగొట్టాను. ఆ పది రోజుల్లో మా ఇంట్లో మాటలు మొదలయ్యాయి. రాత్రి అన్నాల దగ్గర నాన్న పాత బండ్ల కథలు చెప్పేవాడు. ఇంకో వారం పోతే అన్నయ్య పేరు ఎత్తవచ్చని, ఎత్తినా ఈసారి కంచం ముందు నుంచి లేవడని నేను ఆశ పెట్టుకున్నాను. బండి రోడ్డెక్కే రోజున వాణ్ని పిలిపించాలని మనసులో ఒక పథకం కూడా వేసుకున్నాను.

నాలుగోది ఎడమ చక్రం వైపు కీలు.

“దీనికి సుత్తి గట్టిది తీసుకో. ప్రమాదానికి రెండు నెలల ముందు దీన్ని మనమే కదా విప్పి కట్టాం. మన చేతి బిగింపు. అన్నిటికంటే ఇదే సతాయిస్తుంది చూడు” అన్నాడు నాన్న. గొప్పగానే అన్నాడు.

నేను బండి కిందికి దూరి, పిన్ను కాళ్లు నిటారుగా చేసి లాగేశాను. పొడుగు పానా నట్టుకు తగిలించి, ఊపిరి బిగబట్టి, బలమంతా పెట్టి లాగాను. పానా సర్రున తిరిగి నా మోకాలికి కొట్టుకుంది. జారిందనుకున్నాను. మళ్లీ తగిలించాను. జారలేదు, నట్టే తిరిగింది. పానా పక్కన పెట్టి రెండు వేళ్లతో పట్టుకుని చూశాను. సీసా మూతలా తిరుగుతోంది.

చివర రెండు చుట్లు మిగిలేదాకా వేళ్లతోనే తిప్పాను.

“రెండు చుట్లు ఉంచావా?” పైనుంచి నాన్న.

“ఉంచాను.”

ఆయన వంగి పెద్ద సుత్తి కంత వెనక ఆనించాడు. “కొట్టు.”

నాకు కొట్టాలనిపించలేదు. కొట్టాల్సిన అవసరం లేదని చేతికి తెలిసిపోయింది. అయినా చిన్న సుత్తితో ఊరికే తాకించాను. కీలు సులువుగా పైకి లేచి నట్టు దగ్గర ఆగింది. ‘టప్’ అనలేదు. అసలు చప్పుడే లేదు.

నాన్న సుత్తి కదపలేదు. అలాగే ఆనించి పట్టుకుని ఉన్నాడు.

“గుద్దుకున్నప్పుడు వదులై ఉంటుంది” అన్నాడు.

“పిన్ను ఉంది నాన్నా. పిన్ను ఉండగా నట్టు ఎలా తిరుగుతుంది?”

నేను నట్టు తీసేసి, కీలును కడ్డీ నుంచి విప్పుకుని వెలుతురులోకి వచ్చాను. మిగతా మూడు మేకులూ నలుపెక్కి, కంత అచ్చు ఒంటి మీద పడి ఉన్నాయి. ఇది చుట్టూ అరిగి తళతళలాడుతోంది. ఒక పక్క ఏకంగా గాడి పడింది. చక్రం చేతి కంతలో వేలు పెట్టి చూశాను. గుండ్రంగా లేదు, కోలగా సాగిపోయింది. ఎర్రటి పొడి వేలికి అంటుకుంది. మేకు ఆ కంతలో వదులుగా, రెండు నెలల పాటు, ప్రతి గుంతకూ ప్రతి మలుపుకూ కొట్టుకుని కొట్టుకుని ఇలా చేసింది. దాన్ని చూసి చెప్పడానికి మేస్త్రీ అక్కర్లేదు.

అన్నయ్య నిజంగానే స్టీరింగు తిప్పాడు. తిప్పిందంతా ఆ వదులులోనే పోయింది, చక్రమే తిరగలేదు.

అంతేకాదు. ప్రమాదానికి వారం ముందు వాడు షెడ్డుకు వచ్చి, “స్టీరింగులో ప్లే ఎక్కువైంది నాన్నా, కొంచెం తిప్పితే చక్రం కదలట్లేదు, ఒకసారి చూడు” అన్నాడు. నాన్న వంగి చూశాడు కూడా. పిన్ను కనపడింది. “పాత బండికి ఆమాత్రం ఉంటుంది” అని పంపేశాడు. ఆ పిన్ను అక్కడ లేకపోయినా బాగుండేది. ఎవరో ఒకరు పానా పెట్టి చూసేవాళ్లు.

అప్పుడు నాకు ఈ కీలు కట్టిన రోజు గుర్తొచ్చింది. పిడుగు పడ్డట్టు గుర్తొచ్చింది. పక్క షెడ్డులో బానెట్టు రేకులాయన వేళ్ల మీద పడింది. ఆయన పెట్టిన కేక వీధంతా వినపడింది. నాన్న అప్పుడే ఈ నట్టును చేత్తో ఎక్కించాడు. పానా అందుకోబోయి, ఆ కేకకు అలాగే లేచి పరుగెత్తాడు. నేను బండి కింద పడుకుని ఉన్నాను, చేతిలో పిన్ను. చూశాను. నట్టు పైదాకా ఎక్కి ఉంది. దాని గాడీ మేకు బెజ్జమూ సరిగ్గా కలిసి ఉన్నాయి. ఇక నా వంతే మిగిలిందనుకున్నాను. పిన్ను దూర్చి, రెండు కాళ్లూ ముచ్చటగా వంచాను. నాన్న తిరిగొచ్చి తొంగిచూశాడు, పిన్ను ఉంది. “అయిపోయిందా? జాకీ దించు” అన్నాడు.

ఆ రెండో జత కళ్లు నావే. నేను పానా పెట్టి చూడలేదు.

“ఇదీ వచ్చేసిందా!” రేకులాయన గుమ్మంలోకి వచ్చాడు. “ఒక్క దెబ్బ చప్పుడు కూడా వినపడలేదే. శభాష్ మేస్త్రీ గారూ, ఇన్నాళ్లకు కిటుకు పట్టారు.”

మా ఇద్దరి మొహాలూ చూశాక ఆయన నోరు దానంతటదే మూతపడింది. ఆయన అలా మాట మింగి వెళ్లిపోవడం ఆ వీధిలో ఎవరూ చూసి ఉండరు.

రెండు రోజులు నాన్న షెడ్డు తెరవలేదు. వసారాలో కుర్చీ వేసుకుని తన అరచేతులు చూసుకుంటూ కూర్చున్నాడు. నాకు అన్నం సహించలేదు. పొయ్యి మీద పాలు పొంగిపోతుంటే ఎదురుగా నిలబడి చూస్తూ ఉండిపోయాను. చెయ్యి చాచి దించాలన్న సంగతి తట్టలేదు. నేను చంపాను అన్న మాట తలలో ఒక్కటే మోగుతోంది. అమ్మను ఒకసారి, అన్నయ్యను ఈ పద్నాలుగు నెలల్లో రోజూ.

మూడో రోజు పొద్దున్న అన్నాను. “అన్నయ్యకు చెప్పాలి నాన్నా.”

“ఏమని?”

“ఉన్నదే.”

“పిన్ను నువ్వు పెట్టావని చెప్తావా?”

దెబ్బ కొట్టినట్టే అన్నాడు. అన్న మరుక్షణం ఆయన మొహం నల్లగా మాడిపోయింది. నేను ఏడవలేదు. “చెప్తాను. నట్టు సంగతి నువ్వు చెప్పు” అన్నాను.

ఆయన నెమ్మదిగా అన్నాడు. “వాడు మూడో రోజున ఒప్పుకున్నాడే... ఎందుకు ఒప్పుకున్నాడంటావు?”

“నువ్వు ఒప్పించావు.”

ఆయన లేచి లోపలికి వెళ్లి చొక్కా వేసుకున్నాడు. బొత్తాలు ఒకదానికి బదులు ఒకటి పెట్టుకున్నాడు. నేను సరిచేస్తుంటే చిన్నపిల్లాడిలా నిలబడ్డాడు. కీలును పాత గుడ్డలో చుట్టి తీసుకున్నాం.

తలుపు వదిన తీసింది. “మావయ్యా...” అని ఆగిపోయింది. లోపలికి రండి అనడం కూడా మర్చిపోయి పక్కకు తప్పుకుంది.

అన్నయ్య చెప్పుల కొట్లో పని చేస్తున్నాడు. ఆ రోజు సెలవు. కిటికీ దగ్గర నిలబడి పేపరు చదువుకుంటున్నాడు, పక్కన కుర్చీ ఖాళీగా ఉంది. మనిషి సగమయ్యాడు. నాన్నను చూసి పేపరు మడిచి, ఏం చేయాలో తెలియక మళ్లీ విప్పాడు.

నాన్న నేరుగా బల్ల దగ్గరికి నడిచాడు. గుడ్డ విప్పి కీలును బల్ల మీద పెట్టాడు. అన్నయ్యా ఆ షెడ్డులో పెరిగినవాడే. చేతిలోకి తీసుకున్నాడు. తళతళలాడే చోట బొటనవేలితో రాసి చూశాడు. ఇంకోసారి రాశాడు.

“ఎడమ వైపుదా?”

“అవును” అన్నాడు నాన్న. “నేను చేత్తో ఎక్కించి వదిలేశాను. బిగించలేదు.”

“పిన్ను నేను పెట్టాను అన్నయ్యా. చూడకుండా పెట్టాను.”

వాడు మమ్మల్ని తిడతాడనుకున్నాను. కొడతాడనుకున్నాను. కొట్టాలని కోరుకున్నాను కూడా. వాడు మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, ఏదో దారి అడిగినట్టు అడిగాడు.

“అయితే... నేను నిద్రపోలేదా?”

నాన్న ఖాళీ గుడ్డను మడతపెట్టసాగాడు.

“ఏమ్మా, చెప్పరేం?” వదిన ముందుకొచ్చింది. “ఈయన కుర్చీలో కూర్చోరు తెలుసా? నిద్ర పట్టేస్తుందని. కొట్లో పొద్దుటి నుంచి రాత్రిదాకా నిలబడే ఉంటారు. బస్సులో సీటిచ్చినా కూర్చోరు. రోజూ నన్ను లేపి అడుగుతారు, నేనిప్పుడు కునుకు తీశానా అని. తెలియకుండానే నిద్రపోయే జబ్బేమోనని ముగ్గురు డాక్టర్లకు చూపించాం. జబ్బు లేదంటే నమ్మరు.”

“నిద్రపోలేదురా” అన్నాడు నాన్న. “నువ్వు నిద్రపోలేదు.”

అన్నయ్య కీలును బల్ల మీద పెట్టేశాడు. వాడి ముఖం చూస్తే ఊరట ఏమీ కనపడలేదు. ఏదో వెతుక్కుంటున్నట్టు గోడ వైపు చూస్తున్నాడు. అలా చూస్తూ చూస్తూ, కిటికీ పక్కనున్న ఆ ఖాళీ కుర్చీలో మెల్లగా కూర్చున్నాడు.

“మరి అది కల కాదన్నమాట” అన్నాడు.

“ఏది?” అన్నాను నేను.

“గుద్దుకున్నాక అమ్మ మాట్లాడింది. నా మోచెయ్యి పట్టుకుని మాట్లాడింది. తర్వాత మీరంతా నేను నిద్రపోయానన్నారు కదా. నిద్రపోయినవాడితో అమ్మ ఆ మాట అనడానికి వీల్లేదు. అందుకని కలనుకున్నా. ఎవరికీ చెప్పలేదు.”

“ఏమంది?” అన్నాడు నాన్న. పద్నాలుగు నెలల్లో ఆయన కొడుకును అడిగిన మొదటి ప్రశ్న అది.

అన్నయ్య తలెత్తి ఆయన వైపు చూశాడు.

“‘నువ్వు తిప్పుతూనే ఉన్నావురా, నేను చూశా. భయపడకు, మీ నాన్నకు నేను చెప్తాలే’ అంది.”